తండా విడిస్తేనే పైకొస్తారా? పరుగెత్తే మేనకోడలి గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మీ అక్క బిడ్డకు పదమూడేళ్ళు, నల్లగొండ జిల్లా చందంపేట దిక్కు తండా, మండల పోటీల్లో ఉత్త కాళ్ళతో ఉరికి అందరికంటే ముందొచ్చింది. హైదరాబాద్‌లో ఒక అకాడమీ వాళ్ళు పంపించమన్నారు. అక్కడి కోచ్ మాత్రం "తండా పండగలు, తండా మాటలు, చుట్టాలు అన్నీ పక్కన పెడితేనే ఈ పిల్ల పైకొస్తుంది" అన్నాడు. ఇంట్లో పెద్దమనుషులేమో "ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపుతాం, తీజ్ పండగకు కూడా రానివ్వరట" అని కూర్చున్నారు. మన సంస్కృతి పిల్లకు అడ్డమా, బలమా అని నువ్వు అడుగుతున్నావు.

నేను దేవరకొండ డివిజన్‌లో పీఈటీగా చేసి, తర్వాత గిరిజన గురుకులంలో అథ్లెటిక్స్ చూసి రిటైరయ్యాను. పుట్టింది కూడా తండాలోనే. కాబట్టి నా మాట ఒక పక్కకు కొంచెం మొగ్గితే మొగ్గవచ్చు, అది మనసులో పెట్టుకునే చదువు. పిల్లను పంపించు. కానీ ఆ కోచ్ చెప్పిన పద్ధతిలో పంపకు. తండా నుంచి తెంపుకుని తీసుకుపోయిన పిల్లలు ఏడాది తిరక్కముందే పెట్టె సర్దుకుని వచ్చేస్తారు, నేను చూసింది ఎక్కువగా అదే. నలుగురూ కూర్చుని మాట్లాడుకుని, తండాయే సాగనంపితే ఆ పిల్లలు నిలబడతారు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. "గిరిజనుల రక్తంలోనే పరుగు ఉంది, లంబాడోళ్ళ కాళ్ళు గట్టి, చెంచులకు గురి పుట్టుకతోనే వస్తది" అని పొగిడేవాళ్ళు నీకు చాలామంది దొరుకుతారు. సెలక్షన్లకు వచ్చే ఆఫీసర్లు అంటారు, పేపర్లో రాసేవాళ్ళు రాస్తారు, వినడానికి మనకూ బాగానే ఉంటుంది. నాకు మాత్రం చిరాకు. పుట్టుకతో వచ్చేదైతే ఇక నేర్పాల్సిన పని లేదు, సరైన తిండి పెట్టాల్సిన పని లేదు, మంచి ట్రాక్ ఇవ్వాల్సిన పనీ లేదు గదా! పిల్ల గెలిస్తే రక్తం అంటారు, ఓడితే బద్ధకం అంటారు, మధ్యలో ఆ పిల్ల పడ్డ కష్టం ఎవరి లెక్కలోకీ రాదు.

ఇది మన దేశంలో ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది కూడా. కర్ణాటక, గుజరాత్‌లలో సిద్దీలు అని ఉంటారు, వందల ఏళ్ళ కింద ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళ వారసులు. 1987లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్పెషల్ ఏరియా గేమ్స్ అనే స్కీము కింద ఈ సిద్దీ పిల్లలను ఏరి హాస్టళ్ళలో పెట్టారు. ఆఫ్రికా మూలం ఉన్నవాళ్ళు కాబట్టి ఒలింపిక్స్ మెడల్స్ వస్తాయని ఆశ. పిల్లలు బాగానే ఆడారు, జాతీయ స్థాయికి పోయినవాళ్ళూ ఉన్నారు. 1993కల్లా సిద్దీల ప్రోగ్రాం మూతపడింది. చదువు సగంలో, ఆట సగంలో చాలామంది ఊళ్ళకు తిరిగొచ్చి పొలం పనుల్లో పడ్డారు. రక్తాన్ని నమ్ముకుని మొదలుపెట్టినప్పుడు, రక్తం వెంటనే మెడల్ ఇవ్వకపోతే ఓపిక అయిపోతుంది. ఆ పిల్లల ఇల్లు ఎట్ల ఉంటుంది, వాళ్ళు ఎవరితో మాట్లాడతారు, ఆట ఆగిపోతే ఏం తిని బతుకుతారు అన్నది ఎవరూ గట్టిగా ఆలోచించలేదు.

సిద్దీలను తీసుకున్న ఆ 1987లోనే రాజస్థాన్‌లో ఉదయపూర్ దిక్కు అడవి ఊళ్ళ నుంచి లింబా రామ్‌ను తీసుకున్నారు. వెదురు విల్లుతో వేటాడిన ఆదివాసీ కుర్రాడు. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌కూ పోయాడు, 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. మరి అడవి బాణం పనికొచ్చినట్టే గదా అంటావు. ఓపిక పనికొచ్చింది, చూపు పనికొచ్చింది. కానీ పోటీ విల్లు వేరు, నిలబడే తీరు వేరు, ఊపిరి పట్టే పద్ధతి వేరు, రోజుకు వందల బాణాలు ఒకే తీరుగా వదలడం అడవిలో ఎవరూ చేయరు. అదంతా కూర్చోబెట్టి నేర్పితే నేర్చుకున్నది. ఇక మా దగ్గర మన్ననూరు, అమ్రాబాద్ దిక్కు నుంచి చెంచు పిల్లలు హాస్టల్‌కు రాగానే చేతిలో విల్లు పెట్టేవాళ్ళు. ఒక పోరడికి వాలీబాల్ అంటే పిచ్చి, నెట్ దగ్గర చేతులు చాలా వేగం. ఏ అధికారి వచ్చినా వాణ్ని విల్లు పట్టించి ఫొటోకు నిలబెట్టేవాళ్ళు. వాడు నవ్వేవాడు కాదు. పది దాకా అట్లనే నిలబడి, ఇంటికి పోయి మళ్ళీ రాలేదు.

సరే, మరి సంస్కృతి చేసే పనేంది? నా లెక్కలో అది పిల్ల కండల్లో ఉండేది కాదు, పిల్ల చుట్టూ ఉండేది. జార్ఖండ్‌లో సిమ్డేగా, దాని పక్కనే ఒడిశాలో సుందర్‌గఢ్, ఈ రెండు జిల్లాల హాకీ గురించి చదువు. అక్కడ హాకీని ముందు తెచ్చింది క్రైస్తవ మిషనరీలు, అంటే ఆట ఆదివాసీలది కాదు, బయటిదే. కానీ వాళ్ళు దాన్ని తమ ఊరి బతుకులో కలిపేసుకున్నారు. ఊరూరికీ ఖస్సీ టోర్నమెంట్ అని పెట్టుకుంటారు. ఖస్సీ అంటే మేకపోతు, గెలిచిన జట్టుకు బహుమతి అదే, కొన్నిచోట్ల ఓడినవాళ్ళకు కోళ్ళు. కోసుకుని ఊరంతా తింటారు. వెదురు కర్రను వంచి స్టిక్ చేసుకున్న పిల్లలు అట్లాంటి మైదానాల నుంచే వచ్చారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనకు మొదటి హాకీ బంగారం తెచ్చిన జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా ఆ ఛోటానాగ్‌పూర్ దిక్కు మనిషే. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ సుందర్‌గఢ్ వాడు, 2022లో హాకీ ఇండియాకు అధ్యక్షుడయ్యాడు. 2024లో ఆడవాళ్ళ జట్టుకు కెప్టెన్ అయిన సలీమా టేటే సిమ్డేగా పిల్ల. వందేళ్ళుగా ఒకే చోటి నుంచి వస్తూనే ఉన్నారంటే కారణం, అక్కడ ఆరేళ్ళ పిల్ల తన అక్క ఆడటం చూస్తుంది, ఓడితే ఊరంతా వెక్కిరించడం చూస్తుంది, గెలిస్తే కూర ఉడకడం చూస్తుంది. ఆ ఊళ్ళో "ఆడపిల్లకు ఆటెందుకు" అనే మాట పుట్టడానికే చోటు తక్కువ.

మన తండాల్లో అట్లాంటిది ఏముంది అని నిజాయితీగా చూసుకుంటే, కొంచెమే ఉంది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి పోరగాళ్ళు కబడ్డీ, వాలీబాల్ పెడతారు, మైకు, టెంటు, కప్పు, అన్నీ ఉంటాయి. ఆడపిల్లలు చూడటానికి వస్తారు, ఆడటానికి కాదు. పరుగంటే పొద్దున్నే రోడ్డు మీద కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలే. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. మన దిక్కు ప్రొఫెషనల్ స్పోర్ట్ అంటే చాలామంది మనసులో ఉన్నది లీగు కాదు, స్పోర్ట్స్ కోటాలో రైల్వే, పోలీసు, ఆర్మీ. హైదరాబాద్ వాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు. చూడనియ్యి. నీ మేనకోడలు కూడా ఆ పోరగాళ్ళ వెనక సరదాగా ఉరుకుతూనే మొదలుపెట్టి ఉంటది, కనుక్కో.

ఇంకొక సంగతి, మన సంస్కృతి అనగానే పాటలు, అద్దాల బట్టలే గుర్తొస్తాయి గానీ వలస కూడా మన బతుకు తీరులో భాగమే. పాలమూరు, దేవరకొండ తండాల్లో దసరా దాటితే ముంబై, పుణె బండ్లు ఎక్కుతారు, ఉగాదికి వస్తారు. పిల్లలు వెంటపోతే ఆ ఏడాది చదువూ పోయె, ఆటా పోయె. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ నాలుగో తరగతిలో తీసుకుంటుంది, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లకు 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు ఇట్లాంటి పరీక్షలు మండలంలో, జిల్లాలో, రాష్ట్రంలో పెట్టి ఎంచుతారు. ఆ వయసులో మన పిల్లల పేరు ఎవరు చూస్తారు, టెస్టు ఎప్పుడని ఎవరు చెప్తారు? నీ మేనకోడలికి ఆ దారి ఎప్పుడో దాటిపోయింది. అందుకే ఇప్పుడు వచ్చిన దారిని జాగ్రత్తగా వాడుకోమంటున్నా.

ఇక అసలు విషయం, హాస్టల్. మన పిల్లలు గ్రౌండ్ మీద ఓడిపోవడం తక్కువ, హాస్టల్ గదిలో రాత్రిపూట ఓడిపోతారు. ఇంట్లో మన లంబాడీ భాష గోర్ బోలి, బడిలో తెలుగు, అకాడమీలో కోచ్ సగం ఇంగ్లిషు, పక్క మంచం పిల్ల వేరే జిల్లా. మాట తప్పు పోతుందని నోరు మూసుకుంటారు. నోరు మూసుకుంటే "ఈ పిల్లకు ఇంట్రెస్ట్ లేదు" అని కోచ్ రాసేస్తాడు. నొప్పి ఉన్నా చెప్పరు. ఒక అమ్మాయి పిక్క నొప్పితో నెల దాకా అట్లనే ఉరికింది, ఎందుకు చెప్పలేదే అని గోర్ బోలిలో అడిగితే అప్పుడు ఏడ్చింది. నేను గొప్ప కోచ్‌నని కాదు, అక్కడ ఆ భాష వచ్చినవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను, అంతే.

బద్ధకం అనే ముద్ర గురించి ఒక పాత కథ ఉంది. కెనడాలో ఓనోండాగా తెగ వాడు టామ్ లాంగ్‌బోట్, 1907లో బోస్టన్ మారథాన్ గెలిచాడు. ఒకరోజు గట్టిగా ఉరికితే మరుసటి రోజు తేలిగ్గా, తర్వాత మంచి నడక, విశ్రాంతి, ఇట్ల తన పద్ధతిలో తయారయ్యేవాడు. అప్పటి మేనేజర్లకు, పేపర్లవాళ్ళకు రోజూ ఒళ్ళు విరుచుకుంటేనే శిక్షణ, కాబట్టి ఇతను సోమరి, మాట వినడు అని రాశారు. ఇవాళ ఏ కోచింగ్ కోర్సుకు పోయినా హార్డ్ డే, ఈజీ డే, రికవరీ అని మొదటి వారంలోనే చెప్తారు. చిన్నప్పుడు అతన్ని పెట్టిన రెసిడెన్షియల్ స్కూల్ నుంచి పారిపోయి వచ్చాడు. అక్కడ తెగ భాష మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. మన గురుకులాలను ఆ స్కూళ్ళతో పోల్చడం న్యాయం కాదు, గురుకులం లేకపోతే మన పిల్లల్లో సగం మంది పదో తరగతి మొహం చూసేవాళ్ళు కాదు. కానీ "నీ ఇంటిది మరిచిపోతేనే నిన్ను బాగు చేస్తా" అనే కోచ్ నోటి నుంచి వచ్చేది ఆ పాత స్కూళ్ళ వాసనే.

ఆస్ట్రేలియాలో ఫుట్‌బాల్ లీగ్ ఏఎఫ్ఎల్ వాళ్ళు ఇది దెబ్బలు తిని నేర్చుకున్నారు. అక్కడి మూలవాసులు జనాభాలో నాలుగు శాతం లోపు, ఆ లీగ్ ఆటగాళ్ళలో మాత్రం 2020 దిక్కు పదో వంతు దగ్గర ఉండేవాళ్ళు. దూరపు ఎడారి ఊళ్ళ నుంచి పిల్లలను మెల్‌బోర్న్ తీసుకొస్తే, ఊళ్ళో ఎవరో పోయారని, ఇల్లు గుర్తొస్తోందని వెళ్ళిపోయి తిరిగి రానివాళ్ళు చాలామంది. మొదట్లో క్రమశిక్షణ లేదన్నారు. తర్వాత క్లబ్బులు ఈ ఆటగాళ్ళను చూసుకోవడానికే మూలవాసీ మనుషులను జీతమిచ్చి పెట్టుకున్నాయి. చావుకు పోవడం సెలవు కాదు, బాధ్యత అని వాళ్ళకు అర్థమైంది. మనకు కూడా అంతే గదా, తాత పోతే దినాలకు పిల్ల రాకపోతే ఇంట్లో ఎవరూ క్షమించరు, పిల్ల తనను తాను అసలే క్షమించుకోదు. అంత జరిగినా అక్కడ అంతా బాగైపోయిందని అనుకోకు. ఆడమ్ గూడ్స్ అంత పెద్ద ఆటగాణ్ని, తన జాతి గురించి గట్టిగా మాట్లాడాడని 2015లో సీజనంతా స్టేడియాల్లో గేలి చేశారు, అతను ఆ ఏడాదే ఆట మానేశాడు. కాథీ ఫ్రీమన్ 1994 కామన్వెల్త్ గేమ్స్‌లో గెలిచి ఆబోరిజినల్ జెండా పట్టుకుంటే జట్టు పెద్దలు కోప్పడ్డారు. 2000 సిడ్నీలో 400 మీటర్లు 49.11 సెకన్లలో గెలిచి రెండు జెండాలూ కలిపి పట్టుకుంటే దేశమంతా చప్పట్లు కొట్టింది.

నల్లమలలో చెంచులు కొండ అంచుకు తాడు వేసుకుని తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేవాడు బామ్మర్దే ఉండాలంటారు, తన చెల్లెలి పసుపు కుంకుమ అతని చేతిలో ఉంటాయి కాబట్టి వదలడని. నీ మేనకోడలి విషయంలో ఆ తాడు పట్టేవాడివి నువ్వే, మేనమామవు. కాబట్టి అకాడమీకి పోయి ఈ సంగతులు మొహం మీదే అడుగు. వారానికి ఎన్నిసార్లు ఫోన్ మాట్లాడనిస్తారు? లంబాడా పిల్లలు, కనీసం మన జిల్లా పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఆడ వార్డెన్ రాత్రి అక్కడే ఉంటుందా, కోచ్ మగవాడైతే ఆడ కోచ్ గానీ ఫిజియో గానీ ఉన్నారా? గాయమైతే ఎవరు చూపిస్తారు, ఏ స్కూల్లో చదివిస్తారు? చావులకు, తీజ్‌కు పంపుతారా? తీజ్ శ్రావణంలో వస్తుంది, అప్పుడే స్కూల్ గేమ్స్ సెలక్షన్లు కూడా మొదలవుతాయి, గొడవ అక్కడే వస్తుంది. తొమ్మిది రోజులూ అడగకు, ఇవ్వరు, ఇవ్వమనడం న్యాయమూ కాదు. బుట్టల్లో గోధుమ మొలకలను నిమజ్జనం చేసే చివరి రోజు, దాని ముందు రోజు అడుగు. పెళ్ళికాని ఆడపిల్లల పండగ అది, పెళ్ళయితే మళ్ళీ ఆ బుట్ట ఎత్తుకునే భాగ్యం లేదు, ఆ రెండు రోజులు ఆ పిల్లకు ఏమిటో హైదరాబాద్ కోచ్‌కు నువ్వే చెప్పాలి. ఈ ప్రశ్నలకు విసుక్కున్నవాళ్ళ దగ్గర పిల్లను వదిలిపెట్టకు.

ఇప్పుడు మన పెద్దమనుషుల సంగతి. వాళ్ళను వెనక్కి నెట్టే మాటలు నేను అనను గానీ ముద్దు కూడా చేయను. షార్ట్స్ వేసుకుంటుందని గొణుగుతారు. మెక్సికోలో రారామురి తెగ అమ్మాయి లొరేనా రామిరెస్ 2017లో 50 కిలోమీటర్ల కొండ పరుగును లంగా, చెప్పులతోనే గెలిచింది. వాళ్ళలో చెక్క బంతిని తన్నుకుంటూ గంటలకొద్దీ ఉరికే ఆట ఎప్పటినుంచో ఉంది. కొండ పరుగులో అది నడిచింది, 600, 800 మీటర్ల ట్రాక్ మీద స్పైక్స్, అంటే ముళ్ళ బూట్లు, లేకుండా నడవదు. కాబట్టి మధ్యేమార్గం, మోకాళ్ళ దాకా టైట్స్. మా దగ్గర చాలా తండాల్లో గొడవ దానితోనే సద్దుమణిగింది. కోచ్ ఒప్పుకుంటాడు, రూల్స్‌లో అడ్డం లేదు.

పెళ్ళి విషయం అంత సులువు కాదు. పదహారు దాటితే సంబంధాలు మొదలవుతాయి, దాచుకుని లాభం లేదు. ఇక్కడ నేను సంస్కృతిని గౌరవించండి అని చెప్పను. పద్దెనిమిది లోపు పెళ్ళి చట్టానికి విరుద్ధం, అంతే. పెద్దలతో వాదించేటప్పుడు చట్టం కంటే లెక్క బాగా పనిచేస్తుంది. పద్దెనిమిది నిండకపోతే కల్యాణలక్ష్మి లక్షా నూట పదహార్లు రావు, ఆగితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది, ఉద్యోగం ఉన్న పిల్లకు కట్నం అడిగే ధైర్యం ఎవరికీ తక్కువే ఉంటుంది. తండా పెద్దలు నాయక్‌ను, కార్‌భారిని ఒకసారి గ్రౌండ్‌కు తీసుకురా. పిల్ల ఉరకడం కళ్ళతో చూసిన పెద్దమనిషి మాట మారుతుంది, ఇది చాలాసార్లు చూశాను. మలావత్ పూర్ణ పేరు చెప్పు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, మన లంబాడా పిల్లే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేటప్పటికి పదమూడేళ్ళు. ఆమె మొదట రాయి ఎక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. గుగులోతు సౌమ్య పేరు చెప్పు. అదే నిజామాబాద్ దిక్కు తండా, ఫుట్‌బాల్ ఆడుతూ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా పోయింది. ఇద్దరూ తండా పేరు దాచుకుని పోలేదు.

డబ్బు విషయం ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతా. కేంద్ర ప్రభుత్వ స్కీము ఖేలో ఇండియాకు ఎంపికైతే నెలకు 10,000 రూపాయలు ఖర్చులకు పిల్ల ఖాతాలో పడతాయి. పడ్డ రోజు నుంచే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. మనలో ఒకడు సంపాదిస్తే పదిమంది తినాలి, అది మంచి గుణమే, కరువులో మన తాతలు బతికింది దానివల్లే. కానీ పదిహేనేళ్ళ పిల్ల బూట్ల డబ్బుతో పెదనాన్న బోరు వేసుకోవడం ఆ గుణం కిందికి రాదు. ఆ పాస్‌బుక్ నీ దగ్గర పెట్టుకుని చెడ్డపేరు నువ్వు తెచ్చుకో, పిల్లకు "మామ ఇవ్వనంటున్నాడు" అని చెప్పుకునే వీలుంటుంది.

తిండి గురించి నువ్వు అడగలేదు గానీ ఆ కోచ్ జొన్న రొట్టె మానిపించమన్నాడంటే నవ్వొచ్చింది. జొన్న రొట్టె, పప్పు, పల్లీలు, గుడ్డు, వారానికి రెండుసార్లు మాంసం, దానికేం తక్కువ? హాస్టల్ తెల్లన్నం, నీళ్ళ సాంబారు కంటే నయం. ముందు పిల్లకు హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించు, మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, ఊపిరి ఆడకపోతే దమ్ము లేదనుకుంటారు. ఇంట్లో తాగేది బోరు నీళ్ళా, మిషన్ భగీరథ నల్లా నీళ్ళా కూడా చూసుకో, ఫ్లోరైడ్ జిల్లా మనది, ఎదిగే ఎముకలు. జ్వరం వస్తే ఆర్ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉండొచ్చు, పోటీల సమయంలో డోపింగ్ టెస్టులో దొరికితే పిల్లదే తప్పవుతుంది, నాకు తెలియదంటే వినరు. నాటు మందు, పసరు కూడా అంతే, అందులో ఏముందో రాసి ఉండదు. పెద్దమ్మ ప్రేమతో ఇస్తుంది, నువ్వు మర్యాదగా తీసుకుని పక్కన పెట్టు.

కాగితాలు ఇప్పుడే సరిచేయించు. 2010లో అమెరికా, కెనడా సరిహద్దు మీద ఉండే హోడెనోషోనీ వాళ్ళ లాక్రోస్ జట్టు (వల కట్టిన కర్రలతో ఆడే బంతి ఆట), ఆ ఆట పుట్టిందే వాళ్ళ దగ్గర, మాంచెస్టర్‌లో ప్రపంచ పోటీలకు పోలేకపోయింది. వాళ్ళ జాతి పాస్‌పోర్టును బ్రిటన్ ఒప్పుకోలేదు. వాళ్ళది ఆత్మగౌరవం గొడవ. మనది అంతకంటే చిన్నది, సిగ్గుపడాల్సినది. ఆధార్‌లో కేతావత్ అని, బడిలో కె. అని, కులం సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్, పుట్టిన తేదీ బడిలో చేర్చినప్పుడు సారు రాసింది. అండర్-14, అండర్-16లో వయసు మీద అనుమానం వస్తే ఎముకల ఎక్స్‌రే తీస్తారు, అక్కడ తేడా పడితే పిల్ల నిజమే చెప్పినా దొంగ అవుతుంది. మీసేవకు పోయి జనన ధ్రువపత్రం, ఆధార్, బోనఫైడ్, ఎస్టీ సర్టిఫికెట్ నాలుగింటిలో పేరు, తేదీ ఒకటే ఉండేట్టు చూడు.

చివరగా, స్కూల్ గేమ్స్ అండర్-14లో ఆడపిల్లలకు 600 మీటర్లు ఉంటుంది, 800 మీద ఇప్పుడే పడిపోకండి. రోడ్డు మీద, బండి మీటర్ చూసి కొలిచిన టైమింగ్ నాకు పంపకు, దానితో ఏమీ చెప్పలేను. నల్లగొండ పోయినప్పుడు 400 మీటర్ల కొలత ఉన్న గ్రౌండ్‌లో ఒకటిన్నర రౌండు ఉరికించు, ఇద్దరు వేర్వేరు ఫోన్లలో టైమ్ తీయండి, మొదటి 400కు ఎంత పట్టిందో విడిగా రాయండి. పక్కన ఎవరైనా ఇంకో పిల్ల ఉరుకుతుంటే మేలు, ఒంటరిగా ఉరికితే తండా పిల్లలు సిగ్గుపడి వేగం తగ్గిస్తారు. అకాడమీ వాళ్ళు నా ప్రశ్నలకు ఏం చెప్పారో కూడా ఆ టైమింగ్‌తో పాటు రాయి, చూసి చెప్తా.